పైపు కూడా పాత్రే

జోలాపుట్ జలాశయం నిండితే నీటిమట్టం 2,750 అడుగులు. అక్కణ్నుంచి దిగిన నీళ్లు బలిమెల చేరేసరికి 1,516. సీలేరు దగ్గర గుంటవాడలో 1,360. డొంకరాయికి వచ్చేసరికి 1,037. పైన మాచ్‌ఖండ్ అని, కింద సీలేరు అని పేరు మార్చుకుంటూ, చాలా దూరం ఆంధ్రకీ ఒడిశాకీ తానే సరిహద్దు అవుతూ దిగే ఈ ఏరు మెట్టు మెట్టుకీ కరెంటు ఇచ్చి పోతుంది. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, మోతుగూడెం దగ్గరి దిగువ సీలేరు 460. వీటన్నిటినీ నడిపే సూత్రం ఒక్కటే. నీళ్లు ఎంత ఎత్తునుంచి గొట్టంలో దిగితే అంత బలం. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కేజీ ప్రెషర్. గుంటవాడకీ డొంకరాయికీ నిండు మట్టాల మధ్య తేడా 323 అడుగులు, అంటే 98 మీటర్లు. దాదాపు పది కేజీల ప్రెషర్ అన్నమాట.

ఇదే కొండవాలు మీద, ఇదే సూత్రంతో, మోటారూ కరెంటూ లేకుండా గూడేలకు తాగునీళ్లు దిగుతాయి. పైన ఎక్కడో ఊట. ఊట చుట్టూ చిన్న సిమెంటు తొట్టి, ఇసుక దిగబడటానికి పక్కన ఇంకో గది. అక్కణ్నుంచి చెట్ల మధ్యగా, బండల మీదుగా నల్లటి పైపు. కింద ట్యాంకు, దానికి నాలుగైదు కుళాయిలు. పైపులు రాకముందు వెదురు బొంగులు చీల్చి ఒకదాని కొసన ఒకటి ఆనించి ఊటను ఇంటి దగ్గరికి నడిపించుకున్న మన్యం ఇది. నీటికి దారి వేయడం ఈ కొండల్లో ఎవరూ కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

ఇప్పుడా కుళాయిల దగ్గరికి కొత్త చుట్టాలు వస్తున్నారు. నర్సీపట్నం దాటి లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు, అక్కణ్నుంచి భద్రాచలం పోయే దారి ప్రయాణాలంటే ఇష్టపడేవాళ్లను గట్టిగా లాగుతుంది. చలికాలంలో జనం ఎక్కువమంది లంబసింగి మంచు చూసి వెనక్కి తిరుగుతారు. కొందరు ముందుకు వెళ్తారు. జీపు నెత్తిన గుడారం, వెనక వంట సామాను. లేదా మంచాలూ గ్యాసు పొయ్యీ సింకూ బిగించిన కేరవాన్ వ్యాను. కారు వెనక ట్రైలర్ తగిలించుకుని ఘాటు ఎక్కేవాళ్లు మన దగ్గర ఇంకా అరుదే కానీ, 2021లో కేరళ ప్రభుత్వం కేరవాన్ పర్యాటకానికి ఒక విధానమే ప్రకటించాక దక్షిణాదిలో ఈ బళ్ల మీద ఆసక్తి బాగా పెరిగింది. బండి ఏదైనా అందులో ఒక నీళ్ల ట్యాంకు ఉంటుంది. ఆ ట్యాంకు నింపడానికి ఒక పైపు ఉంటుంది.

ఆ పైపు గురించే ఈ కథనం. బండికి టైర్లు ఏవి వేయాలో నెల రోజులు వాకబు చేసే మనిషి, పిల్లలు తాగే నీళ్లు వచ్చే పైపుని మాత్రం దారిలో కనపడిన హార్డ్‌వేర్ షాపులో మీటరు ఇంతని కొనేస్తాడు. నీళ్లు తాగే గ్లాసుని కడుగుతాం, కాచే గిన్నెను తోముతాం. వాటికంటే ముందు నీటిని ముట్టుకునేది పైపు. దాన్నీ పాత్రల లెక్కలోనే చూడాలి.

పచ్చ పైపులో ఏముంది?

పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. ఇంటి గోడల్లో పోయే తెల్ల పైపు చూడండి, వంగదు. అదే పీవీసీని చుట్టలు చుట్టుకునేలా మెత్తన చేయాలంటే నూనెల్లాంటి రసాయనాలు కలపాలి. వీటిలో థాలేట్లు అనే కుటుంబం బాగా వాడకంలో ఉంది. మెత్తటి పైపు బరువులో మూడో వంతు దాకా ఈ రసాయనాలే ఉండొచ్చు. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా పెనవేసుకుని ఉండవు. వేడి తగిలితే, కాలం గడిస్తే, మెల్లగా బయటికొచ్చి నీళ్లలో కలుస్తాయి. ఎండలో పడున్న పైపులోంచి వచ్చే ఆ ప్లాస్టిక్ కంపు, ఇలా బయటికొచ్చే రకరకాల రసాయనాలదే.

రెండోది సీసం. తయారీలో వేడికి, తర్వాత ఎండకి పీవీసీ పాడవకుండా సీసం సమ్మేళనాలు కలపడం చాలాకాలం సాగింది. నీళ్ల పైపుల్లో ఈ వాడకానికి కళ్లెం వేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు తెచ్చింది. అయితే ఆ నియమాలు పైపులకూ ఫిట్టింగులకూ సంబంధించినవి. మొక్కలకు నీళ్లు పట్టడానికని అమ్మే చవక మెత్తటి పైపు, పాత ప్లాస్టిక్ తుక్కు కరిగించి పోసినదైతే, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. పైపు కొసన బిగించే ఇత్తడి నిపుల్ సంగతీ అంతే. ఇత్తడిని సులువుగా కోయడానికి సీసం కలుపుతారు. తాగునీటికి వాడే ఫిట్టింగుల్లో నీళ్లు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదని అమెరికా 2014 జనవరి నుంచి చట్టం అమలు చేస్తోంది. అంతకుముందు అక్కడ 8 శాతం దాకా ఒప్పుకునేవారు.

మిషిగన్‌లోని ఎకాలజీ సెంటర్ అనే సంస్థ 2012లో 90 రకాల తోట పైపుల్ని పరీక్షించింది. ఎండలో ఉంచిన ఒక పైపులోని నీళ్లలో లీటరుకు 0.28 మిల్లీగ్రాముల సీసం తేలింది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునేది 0.01 మిల్లీగ్రాములే. అంటే 28 రెట్లు. ఎదిగే పిల్లల మెదడు విషయంలో సీసానికి ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సెలవులకు కొండకి తీసుకొచ్చిన పిల్లలకు ఆ నీళ్లు పట్టడం ఏ తల్లిదండ్రులకూ ఇష్టం ఉండదు. అందుకే ఈ అంకెలన్నీ చెప్పాల్సి వచ్చింది.

మరి ఏది కొనాలి? షాపులో అడగాల్సిన మాట 'ఫుడ్ గ్రేడ్'. అడిగి ఊరుకోకూడదు, పైపు మీద అచ్చు చూడాలి. తాగునీటికి, ఆహారానికి తగిలే పీవీసీకి మన ప్రమాణం ఐఎస్ 10151. పాలిథిన్ రకాలకు ఐఎస్ 10146. విదేశీ పైపు అయితే ఎన్ఎస్ఎఫ్ 61 అనే గుర్తు ఉంటుంది. అమెరికాలో వేసవి సెలవులకు అద్దె బండి తీసుకుని ఎల్లోస్టోన్ వైపు వెళ్లే మనవాళ్లకు తెల్లటి, నీలి రంగు తాగునీటి పైపు బాగా పరిచయం. అక్కడి క్యాంపుల్లో తాగే కుళాయి వేరు, మురుగు ట్యాంకు కడిగే కుళాయి వేరు. రెండో దాని మీద తాగొద్దని బోర్డు ఉంటుంది. మన కొండల్లో బోర్డులు ఉండవు కాబట్టి జాగ్రత్త మన చేతిలోనే ఉండాలి. తాగే నీళ్లకు ఒక రంగు పైపు, బండి కడగడానికి, మురుగుకు ఇంకో రంగు పైపు. రెండూ ఒకే పెట్టెలో కూడా ఉండకూడదు.

లోపల దారాల అల్లిక ఉన్న బ్రెయిడెడ్ పైపు మెలి పడదు, ప్రెషర్ ఆపుతుంది. డెయిరీలలో పాలకు వాడే ఫుడ్ గ్రేడ్ రకం దొరికితే అది మంచి ఎంపిక. ఒక్క జాగ్రత్త, లోపల నీళ్లు కనపడే పారదర్శకమైన పైపు వద్దు. వెలుతురు తగిలితే వారం తిరగకుండా పచ్చటి నాచు పడుతుంది. గూడేనికి దిగే పైపు నల్లగా ఉండటానికి కారణం కూడా ఎండే. ఆ పాలిథిన్‌లో సుమారు రెండున్నర శాతం మసి కలిపి ఉంటుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అది మింగేస్తుంది కాబట్టి పైపు ఏళ్ల తరబడి బండల మీద పడుండి కూడా పగలదు. మసి లేని పైపుని అలా వదిలేస్తే త్వరగా పెళుసెక్కుతుంది.

సైజు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. కుళాయి దగ్గరగా ఉంటే అరంగుళం చాలు, దూరమైతే ముప్పావు అంగుళం. ముప్పావుది అరంగుళం కంటే రెండు రెట్లకు పైగా విశాలమైన దారి ఇస్తుంది. ముప్పై మీటర్ల చుట్ట ఒక్కటి మోసుకెళ్లేకన్నా ఏడేసి మీటర్ల ముక్కలు రెండు, కలిపే జాయింటు ఒకటి ఉంటే పని తేలిక.

ఫిట్టింగుల దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన అమెరికన్ పైపు కొస మరలు మన కుళాయికి పట్టవు. మన ముప్పావు అంగుళం మరల్లో అంగుళానికి 14 చుట్లు, వాళ్ల తోట పైపు మరల్లో పదకొండున్నర. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి. పైగా గూడెం కుళాయికి చాలాచోట్ల మరలే ఉండవు, నున్నటి మూతి. దానికి రబ్బరు మూతి ఉన్న కనెక్టరు, బిగించడానికి క్లిప్పు, నాలుగు వాషర్లు, ఒక టెఫ్లాన్ టేపు చుట్ట సంచిలో పెట్టుకోవాలి. చింతపల్లి దాటాక ఇలాంటి సామాను వెతుక్కుంటూ తిరగడం వృథా శ్రమ.

కొండ కుళాయి బలం

మైదానంలో ఓవర్‌హెడ్ ట్యాంకు పదిహేను మీటర్ల ఎత్తుంటుంది. కుళాయికి వచ్చే బలం కేజీన్నర. కొండ మీద ఊట అరవై మీటర్ల పైన ఉందనుకోండి, మధ్యలో నీటి జోరు విరిచే బ్రేక్ ప్రెషర్ ట్యాంకు లేకపోతే కింది కుళాయి మీద ఆరు కేజీలు. కేరవాన్ లోపలి సన్నటి పైపులూ జాయింట్లూ సాధారణంగా మూడు కేజీల లెక్కకు చేసినవి. నేరుగా తగిలిస్తే సింకు కింద జాయింటు ఊడి పరుపులు తడుస్తాయి.

ఇందులో ఒక మోసం ఉంది. కుళాయి తెరిచి నీళ్లు పారుతున్నంతసేపూ పైపు మెత్తగానే ఉంటుంది, బలం కనపడదు. చివర గన్ను మూసినప్పుడో, లోపలి కుళాయి కట్టినప్పుడో ఊట ఎత్తు మొత్తం ఒక్కసారి పైపు మీదికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి మెత్తబడిన పీవీసీ, తన మీద అచ్చు వేసిన ప్రెషర్‌ని కూడా మోయలేదు. బండిలోకి నేరుగా తగిలించాలంటే కుళాయి మూతి దగ్గరే ప్రెషర్ రెగ్యులేటర్ ఉండాలి. పైపు కొసన పెడితే పైపుకి రక్షణ ఉండదు. ట్యాంకు మూత తీసి పైనుంచి నింపుకుంటే రెగ్యులేటర్ గొడవే లేదు. మన దారులకు నాకు నచ్చేది ఈ రెండో పద్ధతే.

నీళ్లు రావాల్సిన చోట రాకపోతే గాలి పట్టిందేమో చూడాలి. పైపు ఒక దిబ్బ ఎక్కి దిగితే ఆ నడినెత్తిన గాలి చేరి దారి కట్టేస్తుంది. చాలామంది నోటితో పీల్చి తీస్తారు. ఎవరెవరో పట్టుకున్న పైపుని నోట పెట్టడం వద్దు. పైపుని కుళాయి నుంచి బండి దాకా వాలుగా, ఎక్కుళ్లు లేకుండా పరిస్తే సరిపోతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద విషయం. పైపు కొసని ట్యాంకు నీళ్లలో ముంచి వదిలేయడం దాదాపు అందరూ చేసే పని. వాలు మీద ఊరు ఉంటుంది. మీ కుళాయి కంటే కింద ఎవరో నాలుగు కుళాయిలు ఒకేసారి తెరిచారు, పైన ఊట సన్నగిల్లింది. అప్పుడు మీ దగ్గర లైను వెనక్కి పీల్చడం మొదలవుతుంది. ముంచి ఉన్న పైపులోంచి మీ ట్యాంకు నీళ్లు, అందులో మీరు ఎక్కణ్నుంచో తెచ్చిన మురికి, ఊరి మంచినీళ్లలోకి పోతాయి. వానాకాలంలో మన్యం గూడేలను అతిసారం ఎంత బాధ పెడుతుందో తెలిసిన వాళ్లెవరూ ఈ పని చేయరు. పైపు కొస నీటిమట్టానికి పైన, కనీసం పైపు వ్యాసానికి రెండింతల ఎడంలో ఉండాలి. కుళాయి కింద బిందె పెట్టే ఆడవాళ్లు ఆ ఎడం ఎప్పుడూ ఉంచుతారు. దానికి తోడు, ప్లంబర్లు ఎన్‌ఆర్‌వీ అనే వెనక్కి పోనివ్వని వాల్వు ఒకటి పైపుకి బిగిస్తే ఇంకా భద్రం. పెద్ద ఖర్చేమీ కాదు.

పైపుని తోమడం

పదిహేను మీటర్ల అరంగుళం పైపులో నిలిచేది సుమారు 1.9 లీటర్లు, ముప్పావుదైతే 4.3 లీటర్లు. నిన్నటి నుంచి ఎండలో కాగుతూ ఉన్నది ఈ నీరే. ఇరవై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య గోరువెచ్చని నిలవ నీటిలో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి, పైపు లోపలి గోడకి జిగురు పొరలా అంటుకుంటాయి. అందుకే పైపు తగిలించగానే మొదటి నీళ్లు ట్యాంకులో పోయకూడదు. అలాగని బురదలోకీ వదలకూడదు, అది ఊరి నీరు. ఒక బకెట్లో పట్టి కాళ్లు కడుక్కోవచ్చు, దగ్గర్లో పాదు ఉంటే పోయొచ్చు.

ప్రయాణానికి ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి పైపునీ ట్యాంకునీ కలిపి శుభ్రం చేయాలి. కొత్త బ్లీచింగ్ పౌడరులో సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. యాభై లీటర్ల నీటికి 8 గ్రాముల పౌడరు తీసుకుని మగ్గులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట మాత్రం పోయాలి. లీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. పైపు నిండుగా, ట్యాంకు నిండుగా నాలుగు గంటలు ఉంచి, ఒంపేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి. ఇది తాగే మోతాదు కాదు. తాగే నీటిలో మిగలాల్సిన క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలు. ఒంపిన నీరు ఏటిలోకి పోతే చేపలు చస్తాయి కాబట్టి ఈ పని కొండ మీద పెట్టుకోకుండా ఇంటి దగ్గరే చేసుకుని రావాలి. ఆరాక రెండు కొసల్నీ ఒకదాంట్లో ఒకటి బిగించి చుట్ట పెడితే చీమ కూడా దూరదు.

ఎంత మంచి పైపైనా నీటిని శుద్ధి చేయదు, ఉన్నది పాడు చేయకుండా తెస్తుంది అంతే. తొలకరి వానలకు ఊట బురదగా వస్తుంది. బురద నీటిలో క్లోరిన్ పని చేయదు, దాన్ని బురదే తినేస్తుంది. ముందు తేర్చాలి. పటిక వాడొచ్చు. ఈ అడవుల్లోనే కాసే చిల్లగింజని కుండ లోపలి గోడకి అరగదీసి నీళ్లు పోస్తే మట్టి అడుగుకు దిగుతుంది. గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కొనే సరుకుల్లో ఈ గింజలూ ఉన్నాయి. తేరిన నీటిని గుడ్డలో వడగట్టి, తెర్లేలా కాచి చల్లార్చుకోవాలి. జలాశయం నీళ్లు ఎంత తేటగా కనిపించినా నేరుగా ట్యాంకులోకి తోడుకోవద్దు. అందులో రెండు రాష్ట్రాల ఊళ్లు, పశువులు, వానకు కొట్టుకొచ్చిన సమస్తం ఉంటాయి.

ఎవరి నీళ్లు?

2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని లెక్క పెట్టింది. మీ బండిలో వంద లీటర్ల ట్యాంకు ఉంటే అది దాదాపు ఇద్దరి రోజు వాటా. ఎండాకాలంలో ఊట సన్నగిల్లి కుళాయి నిమిషానికి అయిదు లీటర్లు ఇస్తుంటే ఆ ట్యాంకు నిండటానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ బిందెల వరస ఆగాలి. కొన్నిచోట్ల ఆ కుళాయి రాకముందు ఆడవాళ్లు చెలమలో నీరు ఊరేదాకా చీకట్లో కూర్చునేవాళ్లు. పైపు పరవడానికి గూడెం మొత్తం గుట్ట ఎక్కి కందకం తవ్వింది. అడవి నిప్పుకి కాలినా, గేదె తొక్కినా, కొండ చరియ విరిగినా మళ్లీ ఎక్కి బాగుచేసేది వాళ్లే.

కాబట్టి అడగాలి. పర్యాటకులం కదా అని నేరుగా పైపు తగిలించేయడం తప్పు. పొద్దున, సాయంత్రం నీళ్ల వేళలు తప్పించి, ఊళ్లో పెద్దవాళ్లనెవరినైనా, "అమ్మా, రెండు బిందెలు పట్టుకోమంటారా?" అని అడిగితే కాదనే గూడెం నేను చూడలేదు. ఆ మంచితనాన్ని వంద లీటర్లుగా మార్చుకోకూడదు. తాగడానికి, వంటకి కావలసినంతే పట్టుకోవాలి. ఫుల్ ట్యాంకు నర్సీపట్నంలోనే నింపుకుని ఎక్కాలి, చింతపల్లిలో తరిగింది పూరించుకోవాలి. అక్కణ్నుంచి డొంకరాయి మీదుగా చింతూరు దాకా మనిషికి తాగటానికీ వంటకీ రోజుకు అయిదారు లీటర్ల లెక్కన వాడుకుంటే నలుగురికి వంద లీటర్లు నాలుగు రోజులు దాటి వస్తాయి. స్నానాలు, బండి కడగడాలు ఆ నీళ్లతో కాదు.

సింకు కింది మురుగు నీళ్ల డబ్బా సంగతి చివర్లో గుర్తొస్తుంది, నిజానికి మొదట గుర్తుండాలి. సబ్బు, నూనె కలిసిన ఆ నీటిని గెడ్డలోకీ, ఊట పై వాలు మీదకీ వదలకూడదు. పైన పోసింది కిందకే దిగుతుంది, కింద తొట్టి ఉంటుంది. ఊటకీ ఏటికీ దూరంగా, వాటికంటే దిగువన, చిన్న గుంట తవ్వి పోసి మట్టి కప్పాలి. దానికి వాడే పైపు వేరేది.